పావు లీటరు చెరువు నీళ్లు

బుధవారం. ఉదయం 10:40.

"దొంగతనం జరిగింది. కంప్లయింట్ రాసుకోండి" అంది టీచరు.

కానిస్టేబుల్ రిజిస్టర్ తెరిచాడు. "ఏం పోయిందమ్మా?"

"నీళ్లు."

"ఎన్ని నీళ్లు?"

"పావు లీటరు."

కానిస్టేబుల్ పెన్నుకి మూత పెట్టేశాడు. "మా స్టేషన్ వెనక కుళాయి నుంచి రోజుకు పాతిక బకెట్లు కారిపోతున్నాయి. అందులోంచి ఓ సీసాడు పట్టుకెళ్లండి. లెక్క సరిపోతుంది."

"రాస్తావా, మీ పైవాళ్లకి నేనే రాయనా?"

లోపలి గదిలోంచి ఇన్‌స్పెక్టర్ తల ఎత్తాడు. స్టేషన్‌లో అతన్ని చాటుగా జలగ అంటారు. పట్టుకుంటే వదలడని. ఆ సంగతి అతనికి తెలుసు. అభ్యంతరం లేదు.

"లోపలికి పంపించు" అన్నాడు.

టీచరుకి అరవై రెండేళ్లు. బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. కాళ్లకు రబ్బరు బూట్లు. వాటికి ఆరిపోయిన బురద. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"చెరువు గట్టున రేకుల షెడ్డు ఉంది కదా. ఏడాదిగా అక్కడ క్లాసులు చెబుతున్నాను."

"ఏం క్లాసులు?"

"చెరువును కాపాడుకోవడం ఎలాగో. నీళ్లు పరీక్షించడం. ఎక్కణ్నుంచి ఏం కలుస్తోందో కనిపెట్టడం. ఎవరికి ఎలా రాయాలో, జవాబు రాకపోతే మళ్లీ ఎలా రాయాలో. నలభై మంది నేర్చుకున్నారు."

"నేర్చుకుని?"

"గెస్ట్‌హౌస్ మురుగు చెరువులోకి వస్తోందని కనిపెట్టారు. పైపు నీళ్ల అడుగున ఉంది. పైకి కనపడదు. చెరువులో ఈత నేర్చుకునే పిల్లలకు జ్వరాలు, వాంతులు. నీటి శాఖకు రాశాం. మా పరీక్షలు చెల్లవన్నారు. తమ ల్యాబ్ సీసాలో, తమ గుమస్తా ముందు, ఒక్క శాంపిల్ పట్టమన్నారు. సోమవారం ఉదయం 9:10కి పట్టాను. ఈ రోజు రిజల్ట్ వచ్చింది."

కాగితం బల్ల మీద పెట్టింది. హానికర సూక్ష్మజీవులు: సున్నా.

"శుభవార్తే కదా" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చెరువులో చేపలుంటాయి. బాతులుంటాయి. పశువులు దిగుతాయి. ఎంత మంచి చెరువైనా సున్నా రాదు. సున్నా వచ్చేది ఒక్కచోటే."

"ఎక్కడ?"

"కుళాయిలో."

ఇన్‌స్పెక్టర్ కాగితం మరోసారి చూశాడు.

"గెస్ట్‌హౌస్ యజమాని నా మీద ఫిర్యాదు పెట్టాడు. అబద్ధపు ప్రచారమట. రేపు పదకొండింటికి విచారణ. ఈ కాగితం నిలబడితే షెడ్డుకి తాళం, నా మీద కేసు. దానికి నేను భయపడను. ఆ పైపు మాత్రం ఉంటుంది. పిల్లలు దిగుతూనే ఉంటారు. అది నేను ఒప్పుకోను."

బల్ల మీద ఫోన్ మోగింది. పై ఆఫీసరు.

"ఎవరో ముసలామె నీళ్లు పోయాయని వచ్చిందట? పంపించెయ్. యజమాని మనకు కావలసినవాడు."

"అలాగే సార్. పంపించెయ్యమని రాసి, సంతకం పెట్టి ఇవ్వండి."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసుకున్నాడు. "పదండి, టీచరుగారూ."

*

11:25. రేకుల షెడ్డు.

ఒక గది. పొడవాటి బల్ల. మూలన కుళాయి, సింకు. గోడకు పాఠాల పట్టిక. మొదటి రోజు: నీటిలో ప్రాణవాయువు కొలిచే సీసా. రెండో రోజు: సూక్ష్మజీవుల సీసా. మూడో రోజు: ఫిర్యాదు రాయడం. పక్కనే హాజరు పట్టీ. నలభై పేర్లు. హాజరైన గడిలో టిక్కు, రానిచోట ఖాళీ.

ఇన్‌స్పెక్టర్ ఆ పట్టీ ముందు రెండు నిమిషాలు నిలబడ్డాడు. ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు.

"సీసా ఎక్కడ పెట్టారు?"

"ఈ ఐసు పెట్టెలో. మూత మీదుగా కాగితం పట్టీ అంటించాను. నంబరు వేశాను. ల్యాబ్ వ్యాను రెండింటికి వచ్చింది."

"ఈలోగా మీరు కదిలారా?"

"12:40కి ఇంటికెళ్లి తిని, 1:35కి వచ్చాను. తాళం వేసే వెళ్లాను."

ఇన్‌స్పెక్టర్ తాళం చూశాడు. గీత లేదు. కిటికీ ఊచలు చూశాడు. పురుగు దూరొచ్చు, మనిషి దూరలేడు.

"తాళంచెవులు?"

"నాది కాక మూడు. క్లినిక్ నర్సు, పడవ మేస్త్రి, మా మరిది. ముగ్గురూ నా దగ్గర నేర్చుకున్నవాళ్లే."

"మరిది అంటే ఈత మాస్టారేనా?"

"అవును. మా ఆయన తమ్ముడు. ఈత క్లబ్బు మా ఆయన పెట్టిందే. ఆయన పోయాక ఇతను చూస్తున్నాడు."

సొరుగులో ఖాళీ కాగితం పట్టీలున్నాయి. పక్కన పెన్సిళ్లు.

"పెన్ను లేదేం?"

"పెన్నుతో రాస్తే తడికి చెరిగిపోతుంది. ఇక్కడ అంతా పెన్సిలే. మొదటి గంటలోనే చెబుతాను."

ఇన్‌స్పెక్టర్ తలూపాడు.

*

1:15. ల్యాబ్.

టెక్నీషియన్ బక్కపలచటి మనిషి. ఫ్రిజ్‌లోంచి సీసా తీశాడు. సగం నీళ్లు మిగిలున్నాయి. చించిన పట్టీ సీసాకే వేలాడుతోంది. దాని మీద నంబరు పెన్సిల్‌తో ఉంది.

"వచ్చినప్పుడు ఎలా ఉంది?"

టెక్నీషియన్ రిజిస్టర్ తిప్పాడు. "2:50కి చేరింది. పట్టీ సరిగానే ఉంది. సీసా అంచు దాకా నిండుగా ఉంది. అదే కాస్త చిరాకు."

"చిరాకెందుకు?"

"ఈ సీసాలో ఒక అంగుళం ఖాళీ వదలాలి సార్. పరీక్షకు ముందు బాగా కుదపాలి. నిండుగా ఉంటే కుదరదు. కొంచెం పారబోసి కుదిపాను."

"ఇందులో క్లోరిన్ ఉందేమో చూడగలరా?"

"చెరువు నీళ్లలో క్లోరినా?" టెక్నీషియన్ నవ్వాడు. అయినా గాజు గొట్టంలో నీళ్లు పోసి మూడు చుక్కలు వేశాడు. నీళ్లు లేత పసుపు రంగుకి తిరిగాయి. నవ్వు ఆగింది.

"ఉంది. కుళాయి నీళ్లు ఇవి." గొట్టం వెలుతురుకి పట్టి చూశాడు. "కానీ రాకూడదే."

"ఏం?"

"మా సీసాలో చిటికెడు తెల్లపొడి వేసి పంపుతాం. క్లోరిన్ ఉంటే చంపేస్తుంది. అందుకే ఈ సీసాని కడగకూడదు. కడిగితే పొడి పోతుంది. పొడి ఉంటే ఈ రంగు రాదు."

"అంటే?"

"పారబోసినవాడు ఊరికే పారబోయలేదు సార్. శుభ్రంగా కడిగి మరీ నింపాడు."

"నాకిది రాసివ్వండి. రేపు పదకొండింటికి మీరూ రండి."

"మా ఆఫీసరు ఒప్పుకోవాలి..."

"సమన్లు పంపిస్తాను. అప్పుడు ఆయన ఒప్పుకోనక్కర్లేదు."

*

2:30. పడవల రేవు.

పడవ మేస్త్రి పడవను బోర్లించి తారు పూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"సోమవారం పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా ఎక్కడున్నావ్?"

"ఇక్కడే. వల బాగుచేసుకుంటున్నా."

"చూసినవాళ్లు?"

"కొంగలు."

"వెటకారమా?"

"వెటకారం కాదు సారూ. ఆ టైంలో ఇక్కడ మనుషులుండరు. కొంగలే ఉంటాయి."

"మురుగని తేలితే చెరువు మూసేస్తారు. నీ పడవ ఆగిపోతుంది. నీకు నష్టం కదా?"

మేస్త్రి కుంచె కింద పెట్టాడు. "మా చెల్లెలి కొడుక్కి ఆరు రోజులైంది జ్వరం. ఆ కుళ్లులో తెడ్డేసి బతికే కన్నా గట్టు మీద పస్తుండటం నయం. టీచరమ్మగారి దగ్గర నేర్చుకున్నాక ఆ నీళ్లు చూస్తే అన్నం దిగట్లేదు. నా మీద అనుమానముంటే చేతులకి సంకెళ్లెయ్యి. తారు అంటుకుంటది, చూసుకో."

ఇన్‌స్పెక్టర్ చేతులు వెనక్కి పెట్టుకుని వెళ్లిపోయాడు.

3:10. క్లినిక్.

నర్సు నిలబడే మాట్లాడింది. ఆ క్లినిక్, గెస్ట్‌హౌస్ యజమాని అన్నగారిది. ఆమె మీద అందరికంటే ముందు అనుమానం రావలసింది అందుకే.

"సోమవారం 12:40కి?"

"సెలైన్లు ఎక్కిస్తున్నాను. పదకొండు మంది పిల్లలు. అందరూ ఈత క్లాసు వాళ్లే. డాక్టరుగారు పక్కనే ఉన్నారు. అడగండి."

"మీ యజమాని తమ్ముడి మీదే ఫిర్యాదు. మీరు ఆవిడ పక్షానున్నారు. ఉద్యోగం?"

"పోతే పోతుంది సార్. నాకు సూది గుచ్చడం వచ్చు. ఎక్కడైనా గుచ్చుకు బతుకుతాను."

పిల్లల లిస్టు చూశాడు. "ఈత మాస్టారి కూతురు కూడా ఈదుతుందిగా. లిస్టులో లేదే?"

"మూడు వారాలుగా ఆ పిల్ల నీళ్లలోకి దిగట్లేదు సార్. చెవిపోటని, ఈత వద్దని మా దగ్గరే లెటర్ రాయించుకున్నారు."

"చెవి ఎలా ఉంది?"

నర్సు లిస్టు వెనక్కి తీసుకుంది. "నేనే చూశాను. ఏమీ లేదు."

*

4:00. ఈత క్లబ్బు.

గది నిండా కప్పులు. గోడకు మూడు ఫొటోలు. ఒకటి చనిపోయిన అన్నది. ఒకటి క్లబ్బు అధ్యక్షుడైన గెస్ట్‌హౌస్ యజమానిది. ఒకటి తనదే. పక్కన ప్లాస్టిక్ పూత వేయించిన సర్టిఫికెట్. వదిన సంతకంతో.

"నీళ్ల పని నాకన్నా బాగా ఎవరికొచ్చు సార్?" అన్నాడు ఈత మాస్టారు. "సీసా పట్టడంలో బ్యాచ్‌లో నేనే ఫస్ట్. కావాలంటే వదిన్నే అడగండి."

"సోమవారం 12:40కి?"

"క్లాసులో ఉన్నాను."

"ఎంతమంది పిల్లలు?"

"తక్కువే. నలుగురైదుగురు."

"నలుగురా, అయిదుగురా?"

"అంటే... జ్వరాలు కదా... గుర్తు లేదు."

"నీళ్లు నమలకండి మాస్టారూ. ఆ నీళ్లు మంచివి కాదట."

మాస్టారు నవ్వాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. బల్ల మీది క్లాసుల రిజిస్టర్ తెరిచి ఒక పేజీ ఫొటో తీసుకున్నాడు.

"పోటీలు ఎప్పుడు?"

"ఇంకా పదిహేను రోజులు. మన చెరువులోనే. బయటి నుంచి పన్నెండు క్లబ్బులొస్తున్నాయి. మా అన్నయ్య కల సార్ ఇది."

*

గురువారం. 11:00. విచారణ హాలు.

నీటి శాఖ అధికారి మధ్యలో. ఎడమవైపు గెస్ట్‌హౌస్ యజమాని, నలగని చొక్కాలో. కుడివైపు టీచరు, అవే బూట్లతో. వెనక ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు. వాళ్ల వెనక జ్వరం పిల్లల తల్లులు.

"రిజల్ట్ స్పష్టంగా ఉంది" అన్నాడు యజమాని. "చదువు రానివాళ్ల చేతికి సీసాలిచ్చి శాస్త్రవేత్తల్ని చేశారీవిడ. వీళ్లకు తెలిసిందేమిటి? నీళ్లు తాగడం."

"వాళ్లకు ఏం వచ్చో పరీక్ష పెట్టండి" అంది టీచరు. "ఇప్పుడే. ఇక్కడే."

ఇన్‌స్పెక్టర్ లేచాడు. "నాదీ అదే కోరిక సార్. పది నిమిషాలు చాలు."

బల్ల మీద మూడు కొత్త ల్యాబ్ సీసాలు. కింద బకెట్ నిండా చెరువు నీళ్లు, ఒక మగ్గు.

"సూక్ష్మజీవుల పరీక్షకు శాంపిల్ పట్టాలి. తాళంచెవులున్న ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు. ముందు బ్యాచ్‌లో ఫస్ట్ వచ్చినవారు."

ఈత మాస్టారు ముందుకొచ్చాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. సీసా మూత తీశాడు. మగ్గుతో నీళ్లు పోసి కుదిపి పారబోశాడు. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు. తర్వాత నెమ్మదిగా అంచు దాకా నింపాడు. మూత బిగించి తలకిందులు చేసి చూపించాడు.

"చూశారా. ఒక్క బుడగ లేదు."

హాల్లో వెనకవైపు ఎవరో 'ట్చ్' అన్నారు.

పడవ మేస్త్రి వచ్చాడు. సీసా కడగలేదు. నీళ్లు పోశాడు. అంగుళం ఖాళీ ఉండగా ఆపాడు. మూత పెట్టాడు. నర్సూ అంతే. ఆమె మూత లోపలివైపు వేలైనా తగలనివ్వలేదు.

మూడు సీసాలు వరసగా నిలబడ్డాయి. రెండు ఒకలా ఉన్నాయి. ఒకటి వేరు.

ఈత మాస్టారు వాటిని చూశాడు. వదినను చూశాడు. మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు.

"టెక్నీషియన్‌గారూ, సోమవారం మీకొచ్చిన సీసా ఎలా ఉంది?"

"అంచు దాకా నిండుగా. లోపలి పొడి కడిగేసి ఉంది. అందులోవి కుళాయి నీళ్లు. క్లోరిన్ తేలింది." కాగితం అధికారికి ఇచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ హాజరు పట్టీ ఫొటో బల్ల మీద పెట్టాడు.

"మొదటి రోజు ప్రాణవాయువు సీసా. దాన్ని మూడుసార్లు కడగాలి, బుడగ లేకుండా నింపాలి. రెండో రోజు సూక్ష్మజీవుల సీసా. దాన్ని కడగకూడదు, అంగుళం వదలాలి. సోమవారం షెడ్డులోకి వెళ్లిన మనిషికి తాళంచెవి ఉంది. సీసాకున్న పాత పట్టీ చించి, కొత్తది అంటించి, దాని మీద పెన్సిల్‌తో నంబరు రాయాలని తెలుసు. సీసాను ముమ్మారు కడిగాడు, నిండా నింపాడు. అంటే మొదటి పాఠం విన్నాడు, రెండోది వినలేదు. ముగ్గురిలో రెండో రోజు గడి ఖాళీగా ఉన్నది ఒక్కరికే."

"ఇంత చిన్న విషయానికి..." యజమాని మొదలుపెట్టాడు.

"ఇంకోటి కూడా ఉంది. సోమవారం ఆ టైంలో క్లాసులో ఉన్నానన్నారు మాస్టారు. ఆయన రిజిస్టర్‌లో ఆయన చేత్తో ఇలా ఉంది. 'సోమవారం. జ్వరాల వల్ల క్లాసు లేదు.'" రెండో ఫొటో పెట్టాడు. "దొంగ పని కూడా నేర్పినట్టే చేశారు మాస్టారు. నేర్చుకున్నంత వరకు."

అధికారి టీచరు వైపు తిరిగాడు. "రెండో రోజు రాని మనిషికి సర్టిఫికెట్ ఎలా ఇచ్చారు?"

టీచరు ఒక అడుగు ముందుకు వేసింది.

"అది నా తప్పు" అంది టీచరు. "సొంతవాడు కదా, తర్వాత చెప్పుకోవచ్చు అనుకున్నాను. చెప్పలేదు. రాసుకోండి."

యజమాని నవ్వాడు. "విన్నారుగా. ఈ క్లాసుల విలువ ఇదీ."

"ఒక్కటి తప్పు" అంది టీచరు. "ముప్పై తొమ్మిది ఒప్పు. ఎవర్ని కావాలంటే వాళ్లను పిలిచి సీసా ఇవ్వండి. మీ ఇరవై గదుల్లో అన్ని ఒప్పులున్నాయా?"

వెనక నుంచి నవ్వులు వినిపించాయి. యజమాని మెడ ఎర్రబడింది.

"వదినా" అన్నాడు ఈత మాస్టారు. "పదిహేను రోజుల్లో పోటీలు. చెరువు మూస్తే అన్నయ్య పెట్టిన క్లబ్బు పోతుంది. పోటీలయ్యాక నేనే చెప్పేవాణ్ని. నిజంగా మురుగని నాకు గట్టిగా తెలియదు..."

"తెలియదా?" ఇన్‌స్పెక్టర్ క్లినిక్ లెటర్ కాపీ తీశాడు. "మూడు వారాల క్రితం మీ అమ్మాయిని మాత్రం నీళ్లలోంచి తీసేశారు. చెవిపోటని. చెవి బాగానే ఉందని నర్సు స్టేట్‌మెంట్."

వెనక వరసలో ఒక తల్లి లేచింది. అరవలేదు. "మా వాడు భయంగా ఉందంటే ఆరోజు నువ్వే నెట్టావు కదయ్యా. ధైర్యం రావాలన్నావు. నీ కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టి మావాణ్ని నెట్టావా?"

మాస్టారు దించుకున్న చొక్కా చేతులకు గుండీలు పెట్టుకున్నాడు.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "ఈ రిజల్ట్ రద్దు చేస్తున్నాను. వచ్చే వారం కొత్త శాంపిల్ సంగతి చూద్దాం."

"టీచరుగారూ" యజమాని లేచి దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "నా ఫిర్యాదు నేను తీసేసుకుంటాను. మీది మీరు తీసేసుకోండి. ఇంటి పరువు కూడా దక్కుతుంది. మీ మరిది కదా."

టీచరు గొంతు తగ్గించలేదు. "మీది ఉంచుకోండి. నాదీ ఉంటుంది. పరువు నీళ్ల అడుగున పైపు వేసేవాళ్లకు కావాలి, నాకక్కర్లేదు." అధికారి వైపు తిరిగింది. "వచ్చే వారం ఏమిటండీ? ఇప్పుడు టైం 11:40. చెరువు ఇక్కణ్నుంచి ఆరు నిమిషాల నడక. మీ సీసా, మీ చెయ్యి, మీ సంతకం. లేవండి."

"విధానం ప్రకారం..."

"విధానం మాకు మూడో రోజు పాఠంలో ఉంది. పదమూడో నిబంధన. ప్రజారోగ్యానికి ముప్పు ఉంటే అదే రోజు తనిఖీ. మేస్త్రి చెబుతాడు, కావాలంటే."

"చెబుతా" అన్నాడు పడవ మేస్త్రి. నిబంధన మొత్తం తడుముకోకుండా అప్పజెప్పాడు.

అధికారి లేచాడు. హాలంతా లేచింది.

*

11:52. గెస్ట్‌హౌస్ వెనక.

మేస్త్రి పడవలో అధికారి, ఇన్‌స్పెక్టర్, టెక్నీషియన్. గట్టు మీద మిగతావాళ్లు. గోడకు పది గజాల దూరంలో మేస్త్రి పడవ ఆపాడు. పొడుగాటి గడ నీళ్లలోకి దించాడు. గట్టిగా ఏదో తగిలింది. గడ చివరున్న కొక్కెం తగిలించి లాగాడు.

పైపు మూతి పైకొచ్చింది. దాంతోపాటు దాని వాసన కూడా.

అధికారి రుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. ఏడాదిగా ఆ కంపు గురించి ఎనిమిది ఉత్తరాలు వెళ్లాయి ఆయన ఆఫీసుకి. కాగితానికి వాసన లేదు కాబట్టి ఆయనకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

టెక్నీషియన్ సీసా పట్టాడు. అధికారి పడవలోనే, మోకాలి మీద కాగితం పెట్టుకుని, పైపు మూసేయమని, రిజల్ట్ వచ్చేదాకా చెరువులోకి ఎవరూ దిగకూడదని రాశాడు. 12:04కి సంతకం పెట్టాడు.

గట్టు మీద యజమాని ఫోన్‌లో ఎవరినో పిలుస్తున్నాడు. అవతలివాళ్లు ఎత్తడం లేదు.

12:15కి జీపు దగ్గర ఇన్‌స్పెక్టర్ ఆగాడు. సీసా నీళ్లు మార్చమని చెప్పిందెవరో మాస్టారు స్టేషన్‌లో చెప్పాలి. చెబుతాడు. అది రెండో అరెస్టు.

ఈత మాస్టారు జీపెక్కలేదు. తలుపు పట్టుకుని వెనక్కి తిరిగాడు. వదిన గట్టు దిగి వస్తోంది.

"వదినా, ఒక్క మాట చెప్పు వీళ్లకి. నీ మాట వింటారు. అన్నయ్య ఉంటే నన్నిలా వదిలేసేవాడా?"

టీచరు ఆగింది. నలభై ఏళ్లు క్లాసులో నిలబడ్డ మనిషి. గొంతు పెంచనవసరం లేదు.

"ఆయనుంటే నీ చెంప పగిలేది. లేరు. జీపెక్కు."